మెషిన్ పాట పాడితే లేచేదెవరు?

“ఇంకేం వదినా! వాషింగ్ మెషిన్ కొన్నారుగా... ఇక నీకు పనేముంది? హాయిగా కూర్చుని కథలు రాసుకో!”

2025 దసరాకి మా ఇంటికి వచ్చినప్పుడు మా ఆడపడుచు అన్న మాట ఇది. ఎగతాళికేం కాదు, నిజంగానే సంతోషించి అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ మాట మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. అవును కదా, మెషిన్ వచ్చి ఏడాది దాటింది. మరి నాకు మిగిలిన టైమేదీ? ఆ ఏడాదిలో నేను రాసిన కథ ఒక్కటే. అదీ సగంలో ఆగింది!

ఆ పండగ రోజుల్లో పేపర్ తిప్పితే చాలు, పన్ను తగ్గింది, సామాను కొనండి అని ప్రకటనలే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీదా, గిన్నెలు కడిగే డిష్ వాషర్ల మీదా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. వాషింగ్ మెషిన్ కి ఆ తగ్గింపు 2018 జూలైలోనే వచ్చేసింది. మన పని తేలికచేసే సామాను చవకయితే మంచిదే, కాదనను. అయితే సామాను ఇంట్లోకి వచ్చినంత మాత్రాన పని బయటకు పోతుందా? నన్ను వేధించిన ప్రశ్న ఇదే.

ముందు మెషిన్ కి న్యాయం చేద్దాం

మా అమ్మ బట్టలుతకడం నాకు బాగా గుర్తు. పెరట్లో బండ, పక్కన రెండు బకెట్లు, ఒక తొట్టి. నానబెట్టడం, సబ్బు రాయడం, బాదడం, జాడించడం, పిండడం... దుప్పటి పిండాలంటే ఒక కొస నేను పట్టుకోవాలి, రెండో కొస అమ్మ మెలి తిప్పాలి. చలికాలంలో ఆవిడ వేళ్ళ సందులు పగిలి, పచ్చడి కలిపితే భగ్గున మండేవి. నడుం నొప్పి సరేసరి. అందుకని మెషిన్ దండగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ బండ దగ్గరికి తిరిగి వెళ్ళమంటే నేను వెళ్ళను, మీరూ వెళ్ళరు.

స్వీడన్ కి చెందిన హాన్స్ రోస్లింగ్ అనే డాక్టరు 2010లో ఒక ప్రసంగంలో తమ ఇంటి సంగతి చెప్పాడు. వాళ్ళింటికి మొదటిసారి మెషిన్ వచ్చిన రోజున వాళ్ళ నాయనమ్మ దాని ముందే కుర్చీ వేసుకుని, ఉతుకు మొత్తం అయ్యేదాకా కళ్ళార్పకుండా చూసిందట. జీవితమంతా పొయ్యి మీద నీళ్ళు కాచి చేత్తో ఉతికిన మనిషి మరి! ఆ మెషిన్ మిగిల్చిన టైములో వాళ్ళమ్మ పిల్లవాణ్ణి లైబ్రరీకి తీసుకెళ్ళిందనీ, మెషిన్ లో బట్టలు వేస్తే పుస్తకాలు వచ్చాయనీ ఆయన అన్నాడు. ఎంత చక్కటి మాట! అది చదివి నేను అనుకున్నాను... మరి నా పుస్తకాలేవి?

మా ఇంట్లో ఫ్రంట్ లోడ్

మాది గుంటూరు. అపార్టుమెంటులో పై అంతస్తు. బోరు నీళ్ళు, ఉప్పు నీళ్ళు. ముందువైపు గుండ్రటి అద్దం తలుపున్న ఏడు కిలోల మెషిన్ తీసుకున్నాం. దీంట్లో డ్రమ్ము అడ్డంగా తిరుగుతుంది. బట్టల్ని పైకెత్తి కింద పడేస్తుంది. అచ్చం అమ్మ బండకేసి బాదినట్టే అనుకోండి! డ్రమ్ము నిండా నీళ్ళు అక్కర్లేదు కాబట్టి, పైనుంచి బట్టలు వేసే మెషిన్ కంటే నీళ్ళు బాగా తక్కువ పడతాయి. బట్ట కూడా తక్కువ నలుగుతుంది. నీళ్ళు వేడిచేసే హీటరు లోపలే ఉంటుంది.

ఇవన్నీ షాపులో చెప్పారు. చెప్పనివి ఇంటికొచ్చాక ఒక్కొక్కటీ తెలిశాయి.

మామూలు ఉతుకుడు పొడి వేసేసరికి నురగ పొంగి సబ్బు పెట్టెలోంచి బయటికొచ్చింది. ఈ మెషిన్ లో నురగ ఎక్కువయితే బట్టలు దాని మీద మెత్తగా పడతాయి, మురికి వదలదు. తక్కువ నురగ వచ్చే ఫ్రంట్ లోడ్ పొడి వేరే ఉంటుంది, అదే కొనాలి. రవాణాలో డ్రమ్ము కదలకుండా వెనకవైపు బోల్టులు బిగించి పంపుతారు. అవి తియ్యకుండా తిప్పితే మెషిన్ గెంతులేస్తుంది. బిగించడానికి వచ్చినతని చేత తీయించి, పారేయకుండా దాచుకోండి, ఇల్లు మారినప్పుడు కావాలి. మాలాగా పై అంతస్తు వాళ్ళకి ట్యాంకు మరీ దగ్గర్లో ఉంటే నీళ్ళ ధార చాలక మెషిన్ ఆగిపోతుంది, కొనేముందే చూపించుకోవాలి.

ఇక ఉప్పు నీళ్ళ సంగతి. మన ప్రమాణాల ప్రకారం తాగే నీటికి లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు ఫర్వాలేదు. వేరే నీరు దొరక్కపోతే 600 దాకా సర్దుకోవచ్చు. చాలా బోర్లలో ఆ లెక్క దాటిపోతుంది. స్టవ్ మీద నీళ్ళు కాచిన గిన్నెకి తెల్లగా పొర కడుతుంది చూశారా, అదే పొర మెషిన్ లో హీటరుకీ కడుతుంది. పొర మందమైతే కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి హీటరే కాలిపోతుంది. అందుకని అప్పుడప్పుడు పొర కరిగించే పొడి వేసి ఖాళీ మెషిన్ తిప్పాలి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతల్లో నీళ్ళు నిలిస్తే బూజు పట్టి వాసన వస్తుంది, ఉతుకు అవగానే తుడిచి, తలుపు కాసేపు ఓరగా తీసి ఉంచాలి. కింద మూలనున్న ఫిల్టరు నెలకోసారైనా కడగాలి. మా ఫిల్టరులో దొరికినవి: రెండు రూపాయి బిళ్ళలు, అమ్మాయి జడపిన్నులు, మా వారి చొక్కా గుండీ, ఒక పెన్ను మూత!

ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఇవీ పనులే కనక. మెషిన్ ఉతుకుతుంది, నిజమే. మెషిన్ ని చూసుకునేదెవరు?

ఒక వారం లెక్క రాశాను

ఆడపడుచు వెళ్ళాక ఒక నోటుబుక్కు పెట్టి వారం రోజులు లెక్క రాశాను. ఒక విడత బట్టలకి తెల్లవీ రంగువీ వేరుచేసి జేబులు వెతకడానికి ఆరు నిమిషాలు. కాలర్లకీ చేతులకీ సబ్బు రుద్దడానికి ఎనిమిది. వేసి, పొడి పోసి, మీటలు నొక్కడానికి మూడు. ఆరేయడానికి పద్నాలుగు. తెచ్చి మడతలు పెట్టడానికి పదిహేను. ఎవరి బీరువాలో వాళ్ళవి సర్దడానికి అయిదు. రబ్బరు తుడవడానికి రెండు. మొత్తం యాభై మూడు. వారానికి అయిదు విడతలు. అంటే నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలు. ఇస్త్రీ ఇందులో కలపలేదు.

మెషిన్ లేనప్పుడో? మా ఇంట్లో బట్టలు పనిమనిషి ఉతికి ఆరేసేది. నాకు మడతలూ సర్దుడూ మాత్రమే. అంటే మెషిన్ వచ్చాక నాకు పని తగ్గలేదు సరికదా, పెరిగింది!

ఇంకొకటి, బట్టలే పెరిగాయి. ఇదివరకు ఒక ప్యాంటు రెండు రోజులు వేసేవారు. ఇప్పుడు గంట సేపు వేసిన టీ షర్టు కూడా బుట్టలోకే. “మెషినే కదమ్మా ఉతికేది!” అంటాడు మా అబ్బాయి. దుప్పట్లు పదిహేను రోజులకి మార్చేవాళ్ళం, ఇప్పుడు వారానికే. మా అత్తగారైతే, “అమ్మాయ్, కర్టెన్లు కూడా ఓసారి వెయ్యరాదూ, ఊరికే ఉందిగా!” అంటారు. ఊరికే ఉంది మెషినే అనుకుంటున్నారు పాపం, నేను కాదు కదా!

అమెరికాలో రూత్ ష్వార్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఈ విషయం మీదే ఒక పుస్తకం రాసింది. దాని పేరు ‘మోర్ వర్క్ ఫర్ మదర్’. అంటే అమ్మకి మరింత పని! ఇంట్లోకి యంత్రాలు వచ్చాక ఇంటి పనిలో మగవాళ్ళూ, పిల్లలూ, పనివాళ్ళూ చేసే భాగం తగ్గిపోయిందనీ, బయటికి వెళ్ళే చాకిరేవు బట్టలు కూడా తిరిగి ఇంటికే వచ్చాయనీ, శుభ్రత కొలతలు పెరిగిపోయి అన్నీ ఒక్క గృహిణి నెత్తినే పడ్డాయనీ ఆమె చూపించింది. మన ఊళ్ళ సంగతి కొంత వేరు. మా నాయనమ్మ రోజుల్లో బట్టలు రజకుల ఇంటికి వెళ్ళేవి, ఏడాదికోసారి కళ్ళంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఆ పద్ధతిలో అన్యాయం ఎంతో ఉంది, అది పోవడమే మంచిది. కానీ ఆ పని ఇంటికి చేరినప్పుడు ఇంట్లో అందరికీ పంచబడలేదు. అమ్మ చేతికొచ్చింది. అమ్మ చేతినుంచి మెషిన్ కి వెళ్ళినా, మెషిన్ తాళం మళ్ళీ మన కొంగుకే!

తగ్గింది ఒక్క నిమిషం

ఇది మా ఇంటి గొడవే అనుకుంటే ఇంత రాయను. దేశం లెక్కా ఇలాగే ఉంది. మన కేంద్ర గణాంక శాఖ వాళ్ళు ఎవరు రోజంతా ఏ పనికి ఎంత టైము ఇస్తున్నారో అడిగి 2019లో ఒకసారి, 2024లో మరోసారి సర్వే చేశారు. 2019లో జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళకి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళకి 97 నిమిషాలు పట్టింది. 2024లో ఆడవాళ్ళకి 289, మగవాళ్ళకి 88.

చూశారా? మనకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపు, వాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి! 2019లో తేడా 202 నిమిషాలు. 2024లో 201. అయిదేళ్ళలో తగ్గిన తేడా ఒక్క నిమిషం. పైగా ఆ 88 నిమిషాలు మగవాళ్ళందరి సగటు కాదు, పనిలో చెయ్యి పెట్టినవాళ్ళ సగటు. 2019 సర్వే రోజున ఇంటి పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళు నూటికి 26 మందే, ఆడవాళ్ళు 81 మంది.

ఈ సర్వేలో మెషిన్ ఉన్న ఇళ్ళూ లేని ఇళ్ళూ అన్నీ ఉన్నాయి. కాబట్టి తప్పంతా మెషిన్ దే అనడం లేదు. నేననేది ఒక్కటే. సామాను పనిలో శ్రమని తగ్గిస్తుంది. పనిని పంచడం మాత్రం సామాను చెయ్యలేదు. అది మనుషులు చెయ్యాలి.

ఈ పనికి విలువ ఉందని న్యాయస్థానమూ చెప్పింది. 2014లో ఢిల్లీలో ద్విచక్ర వాహనం మీద వెళ్తున్న భార్యాభర్తలు ప్రమాదంలో చనిపోయారు. ఆవిడ గృహిణి. నష్టపరిహారం లెక్క సుప్రీంకోర్టు దాకా వచ్చింది. 2021 జనవరి 5న ఇచ్చిన తీర్పులో, తర్వాత ప్రధాన న్యాయమూర్తి అయిన మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణ గారు విడిగా తన మాట రాస్తూ ఆ 2019 సర్వేనే ఎత్తి చూపించారు. ఇంట్లో ఉండే ఆడవాళ్ళు పనిచెయ్యరనే ఆలోచన తప్పన్నారు. గృహిణికీ ఊహా ఆదాయం లెక్కకట్టడాన్ని సమర్థించారు. ఎంత మంచి మాట! కానీ నా బాధ ఒకటుంది. మన పనికి రూపాయల్లో లెక్క మనం పోయాక కట్టారు. బతికుండగా ఎవరు కడతారు?

ఆమె జీతంలో ఎనిమిది వందలు

ఇంతవరకూ నా కష్టం చెప్పాను. ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

మెషిన్ వచ్చిన నెలలోనే మా పనిమనిషితో అన్నాను, “ఇక బట్టలు లేవుగా, ఎనిమిది వందలు తగ్గించుకుందాం” అని. ఆమె గిన్నెలు తోముతూనే, “సరే అక్కా. మిషన్ కి జీతం ఇయ్యక్కర్లేదుగా” అంది. కోపంగా కూడా అనలేదు. ఆమె పనిచేసే నాలుగిళ్ళలో మూడిళ్ళ వాళ్ళు రెండేళ్ళలో మెషిన్లు కొన్నారట. అన్నిచోట్లా నాలాగే తగ్గించారు. ఆమెకి నెలకి రెండు వేల పైన పోయింది.

“మరి మీ ఇంట్లో బట్టలో?” అని అడిగాను ఒకరోజు. రాత్రి తొమ్మిదింటికి కుళాయి వస్తుంది, అప్పుడు చేత్తోనే ఉతుక్కుంటానంది. మా ఇంట్లో నాలుగు గంటల ఇరవై అయిదు నిమిషాలకి నోటుబుక్కు పెట్టిన దాన్ని, ఆ రాత్రి తొమ్మిదిని ఏ పేజీలో రాయాలి?

ఇంటి పనివారికి సమగ్రమైన చట్టం లేకపోవడం గురించి సుప్రీంకోర్టు 2025 జనవరిలో మాట్లాడింది. వాళ్ళ హక్కులకు చట్టం ఎలా ఉండాలో పరిశీలించడానికి కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లోనే ఇంటి పనివారి కోసం ఒక ఒప్పందం చేసింది, మన దేశం ఇంకా దాన్ని ఆమోదించలేదు. ఢిల్లీలో ఆలస్యం అవుతోందని మనం అనుకుంటాం. కానీ మన వంటింటి గడప దగ్గర చట్టం ఎవరు? మనమే కదా! ఆ ఎనిమిది వందలు తగ్గించమని నాకు ఏ ప్రభుత్వం చెప్పింది?

మా ఇంట్లో ఏం మారింది?

పెద్ద విప్లవమేం రాలేదు, ముందే చెబుతున్నాను. నోటుబుక్కు తీసుకెళ్ళి రాత్రి భోజనాల దగ్గర పెట్టాను. మా వారు చదివి, “ఇవన్నీ కూడా లెక్కేనా?” అన్నారు. “మీ ఆఫీసులో సంతకం పెట్టడం కూడా లెక్కే కదండీ!” అన్నాను. అత్తగారు కిసుక్కున నవ్వారు.

అప్పటినుంచి మూడు నియమాలు. ఎవరి జేబు వాళ్ళే ఖాళీ చెయ్యాలి. ఒకసారి మా వారి ప్యాంటు జేబులోని కాగితం రుమాలు నల్ల బట్టలన్నిటికీ బూజులా అంటుకున్న రోజున ఈ నియమం పుట్టింది! రెండోది, ఆరేయడం మా వారూ అబ్బాయీ, మడతలు నేనూ అమ్మాయీ. అమ్మాయి మాత్రమే అంటే నేను ఒప్పుకోలేదు. వచ్చే తరానికి కూడా ఆ తేడా 201 నిమిషాలే ఉండాలంటే ఆడపిల్లకి మాత్రమే నేర్పితే సరిపోతుంది! మూడోది, ఫిల్టరు కడగడం అబ్బాయి పని. మొదటిసారి నీళ్ళు వంచుకోకుండా మూత తిప్పి బాల్కనీ అంతా చెరువు చేశాడు. నేను లేవబోతుంటే మా అత్తగారే చెయ్యి పట్టి ఆపారు. “వాణ్ణే తుడవనీ” అన్నారు. ఆ మాటకి నేను ఆవిడకి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు.

ఇప్పుడు వారానికి అయిదు విడతలు కాస్తా మూడయ్యాయి. జేబులు చూసుకునేవాళ్ళకీ ఆరేసేవాళ్ళకీ టీ షర్టు రెండోరోజు కూడా శుభ్రంగానే కనిపిస్తుందన్నమాట!

పనిమనిషి జీతం మూడేళ్ళుగా పెంచలేదని అప్పుడు గుర్తొచ్చింది. అయిదు వందలు పెంచాను. ఆదివారాలు రావద్దన్నాను. ఆ రోజు గిన్నెలు మేమే తోముకుంటాం. మిగిలిన మూడు వందలు? అవి నా లెక్కలో ఇంకా బాకీయే. గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మీకూ ఒక మాట. కొత్త మెషిన్ కొనుక్కోండి, తప్పకుండా కొనుక్కోండి. ఏడు కిలోలా ఎనిమిది కిలోలా, ఎన్ని నక్షత్రాలు అని చూసుకుంటాం కదా. ఆ రోజే ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి ఎవరు ఆరేస్తారు, ఎవరు తుడుస్తారు అన్నది కూడా తేల్చుకోండి. వారంటీ కార్డు పక్కనే ఆ కాగితం పెట్టుకోండి. బట్టల పని చేసే మనిషి ఉంటే, జీతం కొయ్యడానికి ముందు ఒక్క రాత్రి ఆగండి.

మా మెషిన్ ఉతుకు పూర్తికాగానే చిన్న పాట పాడుతుంది. మొదట్లో ఆ పాట వినగానే ఇంట్లో అందరూ నావైపే చూసేవారు. టీవీ చూస్తున్న మా వారు, ఫోను చూస్తున్న పిల్లలు, జపం చేసుకుంటున్న అత్తగారు... నేను కూడా ఆలోచించకుండానే లేచేదాన్ని. ఇప్పుడు రెండుసార్లకి ఒకసారి వేరెవరో లేస్తున్నారు. సగంలో ఆగిన కథ ముప్పాతిక దాకా వచ్చింది.

మీ ఇంట్లో మెషిన్ పాట పాడితే లేచేదెవరు? ఈ వారం ఒక్కసారి కూర్చునే ఉండి చూడండి!